మెంతులు మధుమేహానికి ఎంతవరకు పనికివస్తాయి? చేదు తెలియకుండా రోజువారీ వంటలో ఎలా కలపాలి?

ప్రశ్న
రాసినవారు: వేయిస్తంభాల గుడి వీధి, హన్మకొండ

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 62 ఏళ్ళు. చాలా కాలంగా ఆమెకు మధుమేహం ఉంది; రెండు పూటలా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నందున తెల్లవారి లేవగానే పరగడుపున దానికి వేరే మాత్ర ఉంది. ఈ మధ్య చుట్టాల్లో ఎవరో ఫోనుకు పంపిన వీడియో చూసి, రాత్రి గ్లాసు నీళ్ళలో చెంచాడు మెంతులు నానబెట్టి, తెల్లవారి థైరాయిడ్ మాత్రతో పాటే ఆ నీళ్ళు తాగి, గింజలను పారబోయడం మొదలుపెట్టింది. ఇలా తాగితే నెల తిరగకుండా మాత్రల అవసరమే ఉండదని ఆ వీడియోలో చెప్పారట. ఇప్పుడు రాత్రి మాత్ర మానేస్తానంటోంది. నేను వద్దంటే, "మన తాతలు ఏ మాత్రలు మింగారు? ఇటువంటివే తిని బతికారు కదా" అని ఎదురు ప్రశ్న వేస్తోంది.

మెంతుల మీద నాకు అపనమ్మకం లేదు. మామిడికాయ తొక్కయినా, చేపల పులుసయినా అవి పడకుండా మా ఇంట్లో వంట పూర్తి కాదు. అయితే వంటలో వాడే చిటికెడుకూ, ఒంటి మీద ప్రభావం చూపే మోతాదుకూ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలియడం లేదు. నీళ్ళు తాగితే సరిపోతుందా, గింజలు కూడా తినాలా? రోజుకు ఎన్ని గ్రాములు తింటే మేలు, ఎంత దాటితే ముప్పు? నానిన గింజలు నమలడం అమ్మకు కష్టంగా ఉంది కాబట్టి, మన ఇళ్ళలో రోజూ చేసుకునే వంటల్లోనే చేదు తెలియకుండా మెంతులు కలిపే పద్ధతులు తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.


సమాధానం
రాసినవారు: పరకాల వంటిల్లు

చెల్లెమ్మా, మోతాదు సంగతి చదువుకున్నవారు చెబుతారు. నేను వంట సంగతి రాస్తాను. పెళ్ళిళ్ళకూ శుభకార్యాలకూ వంట చేసే కుటుంబం మాది. మెంతులను తక్కువ చేసి చూసినవాళ్ళ పులుసు ఎప్పుడూ ఒక మెట్టు కిందనే ఉంటుందని మా ఇంట్లో పెద్దలు నమ్మేవారు, నేనూ నమ్ముతాను.

మెంతి చేదును అదుపులో పెట్టేది సెగ. పచ్చి గింజను కొరికితే చేదుతో పాటు పచ్చి చిక్కుడు వాసన వస్తుంది. అదే గింజను నూనె లేని మందపాటి మూకుడులో సన్న సెగ మీద ఆపకుండా కలుపుతూ వేయిస్తే, మొదట ఆ పచ్చివాసన పోతుంది, తరువాత గింజ కొంచెం ఉబ్బి పసుపు నుంచి లేత ఎరుపుకు తిరుగుతుంది, అప్పుడు కాచిన బెల్లానికి దగ్గరగా ఉండే కమ్మని వాసన లేస్తుంది. దించవలసిన సమయం అదే. దించిన మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి కాబట్టి వెంటనే పళ్ళెంలో పోసి ఆరనివ్వాలి. నల్లబడిన గింజల చేదును ఏ పులుపూ ఏ తీపీ కప్పలేవు. వాటిని పారేసి మళ్ళీ వేయించుకోవడమే మంచిది. పోపులోనూ ఇదే సూత్రం. ఆవాలు చిటపటలాడేంత వేడిలో మెంతులు వేస్తే రెప్పపాటులో మాడుతాయి. అందుకని నూనె పూర్తిగా కాగకముందే మెంతులు వేసి, అవి రంగు తిరగడం మొదలవగానే మిగతావి వేసి, వెంటనే కూర ముక్కలో పులుసో పోసేయాలి.

తొక్కుకు మెంతులనూ జీలకర్రనూ విడివిడిగా వేయించి తరువాత కలిపి పొడి కొడతాం, ఎందుకంటే రెండూ ఒకే సమయంలో వేగవు. కిలో మామిడి ముక్కలకు మెంతి పొడి 20 గ్రాములు దాటనివ్వను. కలిపిన రోజు మెంతి తక్కువైందని అనిపించినా మళ్ళీ వేయకూడదు. తొక్కు ఊరేకొద్దీ ఆ రుచి తానే బయటికి వస్తుంది, పొడి నీటిని పీల్చుకొని తొక్కును చిక్కబరుస్తుంది కూడా. చేపల పులుసులో, అది పాకాల కొర్రమేనయినా లక్నవరం చెరువు బొచ్చెయినా, వేయించిన మెంతి పొడిని దించే ముందు అర చెంచాడు చల్లి మూత పెట్టాలి. మొదటే వేస్తే పులుసుతో పాటు మరిగి మరిగి చేదంతా రసంలోకి దిగుతుంది. చింతపండు పులుపుకూ చేప వాసనకూ మధ్య నిలబడి రెంటినీ కలిపేది ఆ అర చెంచాడే.

అయితే ఒక మాట. మీ అమ్మగారికి మెంతులు పెంచాలని తొక్కు ఎక్కువగా పెట్టకండి. తొక్కులో మెంతి కంటే ఉప్పూ నూనే ఎక్కువ. పోపు ద్వారా చేరే మెంతులు కూడా రుచికి సరిపోతాయి కానీ లెక్కకు రావు. ఎక్కువ పరిమాణం చేదు తెలియకుండా లోపలికి వెళ్ళాలంటే పిండిలో కలపడం ఒక దారి, పప్పులో ఉడికించడం మరొక దారి. కిలో గోధుమ పిండికి లేదా జొన్న పిండికి 50 గ్రాముల మెంతులు వేయించి పొడి చేసి కలిపి డబ్బాలో పెట్టుకోండి. రోజుకు 200 గ్రాముల పిండితో రొట్టెలు తిన్నవారికి 10 గ్రాముల మెంతులు అందుతాయి. జొన్న పిండికి జిగురు ఉండదు కాబట్టి రొట్టె అంచులు పగులుతాయి. మెంతి పొడి కలిసిన పిండి కొంచెం సాగి చేతికి బాగా వస్తుంది, ఇది అదనపు లాభం.

ఇక పప్పు సంగతి. రాత్రంతా నానిన మెంతులను ఆ నీళ్ళతో సహా కందిపప్పులో వేసి కుక్కర్‌లో ఉడికిస్తే గింజ వెన్నలా మెత్తబడుతుంది. అందులో టమాటాలు, పచ్చిమిర్చి, చింతపండు పడ్డ తరువాత చేదు నాలుకకు అందీ అందనట్టుగా మాత్రమే ఉంటుంది. మెంతికూర ఉన్న రోజుల్లో సర్వపిండిలో ఆకు సన్నగా తరిగి, నువ్వులు, పల్లీలతో పాటు కలపండి. దోశ పిండికి రుబ్బేటప్పుడు చెంచాడు మెంతులు మినుములతో నానబెడితే పిండి బాగా పొంగుతుంది, దోశ బంగారు రంగులో కాలుతుంది. మెంతి మజ్జిగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి: చిలికిన పెరుగులో ఉప్పు, పసుపు వేసి, దోరగా వేగిన మెంతులు, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, కరివేపాకు పోపు పెట్టి గంట సేపు వదిలితే గింజలు నాని మెత్తబడతాయి. ఎండాకాలంలో అన్నంలోకైనా, జొన్న గట్కలోకైనా దీనిని మించినది లేదు.


సమాధానం
రాసినవారు: ఆహార శాస్త్ర అధ్యాపకురాలు, వరంగల్

మీ ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం మీ అమ్మగారు గింజలను పారబోయడం. మెంతి గింజ బరువులో దాదాపు సగం పీచు పదార్థం, నాలుగో వంతుకు దగ్గరగా మాంసకృత్తులు ఉంటాయి. ఆ పీచులో ఒక భాగం గాలక్టోమన్నన్ అనే జిగురు. నానిన గింజను వేళ్ళ మధ్య నలిపితే జారుడుగా తగిలేది అదే. ఈ జిగురు కడుపులో నీటిని పట్టుకొని చిక్కని గంజిలా మారి, ఆహారం కడుపు నుంచి పేగులోకి జారే వేగాన్ని తగ్గిస్తుంది; పేగు గోడల నుంచి చక్కెర రక్తంలోకి చేరడాన్ని కూడా నెమ్మది చేస్తుంది. భోజనం తరువాత చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా మెంతులు చేసే సాయంలో పెద్ద భాగం ఇదే. నానబెట్టిన నీటిలోకి దిగేది ఆ జిగురులో కొద్ది భాగం మాత్రమే. మిగిలినదంతా పారబోసిన గింజలోనే ఉండిపోతుంది. అంతేకాదు, జిగురు అడ్డుపడవలసినది అన్నానికి. అన్నం తినడానికి గంటల ముందు పరగడుపున తాగిన పలుచని నీటికి ఆ అవకాశం ఉండదు. కాబట్టి గింజను లేదా పొడిని భోజనంతో కలిపి గానీ భోజనానికి కొంచెం ముందు గానీ తీసుకోవడం సబబు.

మెంతి గింజలో 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంది. ప్రయోగశాలలో అది ఇన్సులిన్ విడుదలను ప్రేరేపించినట్టు చూశారు. అయితే ప్రయోగశాలలో కనిపించిన ప్రతి గుణమూ మనిషి ఒంట్లో అదే స్థాయిలో పనిచేయదు కాబట్టి నేను విద్యార్థులకు ముందుగా పీచు గురించే చెబుతాను.

మోతాదు విషయానికి వస్తే, మన రాష్ట్రంలోనే దీని మీద గణనీయమైన పని జరిగింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇన్సులిన్ తీసుకుంటున్న మొదటి రకం మధుమేహులకు నూనె తీసిన మెంతి పొడిని రోజుకు 100 గ్రాములు, రెండు భోజనాల్లో సమంగా కలిపి, పది రోజులు పెట్టారు. 24 గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. అదే సంస్థ 1994లో ప్రచురించిన మరో అధ్యయనంలో రెండో రకం మధుమేహులకు రోజుకు 25 గ్రాముల గింజలు 15 రోజులు ఇచ్చి మేలు గమనించారు. ఇవి చాలా కొద్దిమంది మీద, కొద్ది రోజులు జరిగినవని గుర్తుంచుకోవాలి. 2015లో ప్రచురితమైన హైదరాబాద్ అధ్యయనం కొంత పెద్దది, మూడేళ్ళు సాగింది. మధుమేహం అంచున ఉన్న 140 మందిలో ఒక వర్గానికి 5 గ్రాముల మెంతి పొడిని రోజుకు రెండుసార్లు భోజనానికి ముందు ఇచ్చారు. పొడి తీసుకోని వర్గంలో మధుమేహం వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా తేలింది. ఇది వ్యాధి ఇంకా రానివారి సంగతి. మీ అమ్మగారిలా ఏళ్ళ తరబడి వ్యాధి ఉన్నవారికి అదే ఫలితాన్ని ఆశించలేము.

ఈ అంకెలను వంటింటి కొలతలోకి మార్చి చూడండి. టీ చెంచాడు మెంతులు దాదాపు 4 గ్రాములు. అంటే 25 గ్రాములకు ఆరు చెంచాలు కావాలి. 100 గ్రాములంటే ఇంట్లో ఎవరూ రోజూ తినగలిగినది కాదు. అందుకే 10 గ్రాములు, అంటే రెండున్నర చెంచాలు, రెండు పూటల భోజనంలోకి పంచుకోవడం ఆచరణయోగ్యమని నా అభిప్రాయం. పరకాల అక్క చెప్పిన పిండి లెక్క దీనికి సరిగ్గా సరిపోతుంది. అలవాటు లేనివారు ఒక చెంచాతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకోవాలి. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. మెట్‌ఫార్మిన్ వల్ల కూడా అవే ఇబ్బందులు రావచ్చు కాబట్టి ఏది దేనివల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. నీళ్ళు కూడా ఎక్కువ తాగాలి, పొడిని పొడిగా నోట్లో వేసుకొని మింగకూడదు.

వేయిస్తే గుణం పోతుందా అని చాలామంది అడుగుతారు. దోరగా వేయించినంత మాత్రాన పీచు నశించదు. మొలకెత్తించి తినేవారు మాత్రం ఒక జాగ్రత్త పాటించాలి. 2011లో జర్మనీలో ఇ. కోలి అనే సూక్ష్మజీవి వల్ల వేలమంది జబ్బుపడి 50 మందికి పైగా చనిపోయారు. దర్యాప్తులో అది ఈజిప్టు నుంచి దిగుమతి అయిన మెంతి గింజల మొలకల ద్వారా వ్యాపించిందని తేలింది. తడి, వెచ్చదనం గింజతో పాటు సూక్ష్మజీవులను కూడా పెంచుతాయి. పెద్దవారికీ పసిపిల్లలకూ మెంతి మొలకలను ఉడికించి పెట్టడమే క్షేమం.

ఇక మీ అమ్మగారి ఎదురు ప్రశ్నకు జవాబు. మన తాతలు పొలంలో ఎండపొద్దంతా పనిచేశారు, జొన్న గట్క, మక్క గట్క తిన్నారు, తెల్లన్నం పండుగనాడే చూసిన ఇళ్ళు మన పల్లెల్లో ఎన్నో ఉండేవి. ఆ జీవితానికీ మన జీవితానికీ పోలిక లేదు. పైగా ఆనాడు మధుమేహంతో చనిపోయినవారికి ఆ జబ్బు పేరు కూడా తెలియకుండా పోయింది. ఆమె వేసుకునే మెట్‌ఫార్మిన్ గురించి మరొక విషయం చెప్పండి: యూరప్‌లో మధుమేహ లక్షణాలకు వాడిన గలేగా అనే మొక్కలోని రసాయనాన్ని పరిశీలిస్తూ పోయిన శాస్త్రవేత్తలు చివరికి ఈ మందు దగ్గరికి చేరారు. 1957 నుంచి అది రోగులకు అందుతోంది. గలేగా కూడా మెంతి మొక్కలాగే చిక్కుడు కుటుంబానికి చెందినదే. మొక్కలను నమ్మే మనిషి ఆ మాత్రను అనుమానించవలసిన పని లేదు.


సమాధానం
రాసినవారు: మందుల దుకాణం, జనగామ

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూ, మందులకు సంబంధించిన కొన్ని విషయాలను మాత్రం గట్టిగా చెప్పదలచాను. ఇవి వాయిదా వేయదగినవి కావు.

మొదటిది, రాత్రి మాత్రను డాక్టరును అడగకుండా ఆపవద్దు. ఆపిన మొదటి వారంలో ఒంటికి ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే ప్రమాదం. చక్కెర మెల్లగా పెరిగి కళ్ళను, మూత్రపిండాలను, పాదాల నరాలను దెబ్బతీసేటప్పుడు నొప్పి ఉండదు.

రెండవది దీనికి విరుద్ధంగా కనిపిస్తుంది కానీ అంతే ముఖ్యం. గ్లిమెపిరైడ్ తన పనిగా చక్కెరను దించే మందు. దానికి తోడు రోజుకు 10 గ్రాములో అంతకంటే ఎక్కువో మెంతులు చేరితే చక్కెర అవసరానికి మించి పడిపోవచ్చు, ముఖ్యంగా భోజనం ఆలస్యమైన రోజు, ఉపవాసం ఉన్న రోజు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, మాట తడబడటం దాని గుర్తులు. గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెరను నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అందువల్ల మెంతులు పెంచే ముందే డాక్టరుకు చెప్పండి, పెంచిన మొదటి వారాల్లో పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి కాగితం మీద రాసుకోండి. ఆ అంకెలు చూసి మాత్ర తగ్గించవలసి వస్తే డాక్టరే తగ్గిస్తారు. మీ అమ్మగారు కోరుకుంటున్నది కూడా అదే కదా. దానికి సరైన దారి ఇది.

మూడవది, థైరాయిడ్ మాత్రతో మెంతి నీళ్ళు కలపడాన్ని రేపటి నుంచే ఆపించండి. ఆ మాత్రను మామూలు నీటితో వేసుకొని కనీసం అరగంట, వీలైతే గంట ఏమీ తినకుండా ఉండాలి. జిగురు పీచు ఏదైనా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు. ఉదయపు మెంతి నీళ్ళు మానేసి, మెంతులను మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లోకి మార్చుకుంటే ఈ సమస్య ఉండదు. మిగతా మాత్రల విషయంలోనూ మెంతి పొడికీ వాటికీ కొంత వ్యవధి ఉండేలా చూడటం మంచిది. మీ అమ్మగారి మాత్రలకు ఎంత వ్యవధి కావాలో డాక్టరునే అడగండి.

ఇది చదివే ఇతరుల కోసం మరికొంత. గుండె కవాటం మార్పిడి వంటి వాటి తరువాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు మెంతి పొడిని మోతాదుగా తీసుకోకూడదు. మెంతుల వల్ల ఆ మందు ప్రభావం పెరిగినట్టు వైద్య నివేదికలు ఉన్నాయి. మెంతికూరలో విటమిన్ కె ఉంటుంది కాబట్టి ఆ ఆకును కూడా ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ కాకుండా ఒకే తీరుగా తినాలి. పల్లీలో శనగలో పడనివారికి మెంతులు కూడా పడకపోవచ్చు, ఇవన్నీ ఒకే కుటుంబపు గింజలు. మెంతులను గుళికలుగా, సారంగా అమ్మేవాటిని నేను సిఫారసు చేయను. అందులో ఏ భాగం ఎంత ఉందో వంటింటి గింజలో తెలిసినంత స్పష్టంగా తెలియదు, ధర కూడా ఎన్నో రెట్లు ఎక్కువ.


ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: వేయిస్తంభాల గుడి వీధి, హన్మకొండ

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. థైరాయిడ్ మాత్ర సంగతి నా ఊహకు కూడా అందలేదు. మెంతి నీళ్ళను ఈ రోజే మాన్పించాను. మెట్‌ఫార్మిన్ కథ చదివి వినిపిస్తే అమ్మ ఆసక్తిగా విన్నది, డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా రాత్రి మాత్ర ఆపనని మాట ఇచ్చింది.

ఇంకొక్క సందేహం. మా వదిన కాన్పై పుట్టింట్లో ఉంది. పాలు పడటానికి ఆమెకు మెంతి లడ్డూలు, మెంతి పొడి కలిపిన పాలు రోజూ పెడుతున్నారు. పాప ఒంటి నుంచి ఏదో పాకం వంటి తీపి వాసన వస్తోందని వాళ్ళు కంగారు పడుతున్నారు. దీనికీ మెంతులకూ సంబంధం ఉందా?


సమాధానం
రాసినవారు: ఆహార శాస్త్ర అధ్యాపకురాలు, వరంగల్

సంబంధం ఉండే అవకాశం చాలా ఉంది. మెంతులకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చే పదార్థం సోటోలోన్. అది ఒంట్లో పెద్దగా మార్పు చెందకుండానే చెమట ద్వారా, మూత్రం ద్వారా బయటికి పోతుంది. తల్లి తిన్నప్పుడు బిడ్డ ఒంటికి కూడా చేరగలదు. మెంతులు ఎక్కువ తిన్నవారి చొక్కాలకు పట్టే వాసన ఇదే. అయితే మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి అనే అరుదైన పుట్టుక జబ్బులో కూడా బిడ్డ మూత్రానికి అచ్చం ఇటువంటి వాసన వస్తుంది, అది ప్రాణాంతకమైన జబ్బు. మెంతులు తిన్న తల్లుల బిడ్డలను చూసి వైద్యులు ఆ జబ్బేమోనని అనుమానించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కాబట్టి మెంతుల వల్లనే అని మనంతట మనం తేల్చుకోకూడదు. బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించి, తల్లి మెంతులు తింటున్నదని తప్పక చెప్పండి. బిడ్డ పాలు సరిగా తాగకపోయినా, మందకొడిగా పడి ఉన్నా, వాంతులు చేసుకుంటున్నా ఒక్క పూట కూడా ఆగవద్దు.

పాలు పడే విషయంలో మెంతుల మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, ఫలితాలు కూడా ఒకేలా లేవు. బిడ్డ తరచుగా చప్పరించడం, రొమ్ము పూర్తిగా ఖాళీ కావడం, తల్లికి కడుపునిండా తిండి, నీళ్ళు, నిద్ర దొరకడం పాలను పెంచుతాయి. కొంచెం మెంతి వేసిన వంట బాలింతకు మంచిదే. చెంచాల కొద్దీ పొడి, దాని మీద లడ్డూ అవసరం లేదు. గర్భంతో ఉన్నప్పుడు కూడా కూరలో పోపులో వాడినంత మేరకే పరిమితం కావాలి, మోతాదుగా పొడి తినకూడదు.


సమాధానం
రాసినవారు: మానేరు ఒడ్డు, కరీంనగర్

గింజల గురించి పెద్దలు చెప్పారు. నేను కూరగాయలు పండించేవాడిని కాబట్టి ఆకు గురించీ కొనుగోలు గురించీ కొద్దిగా చేరుస్తాను. మన జిల్లాల్లో మెంతిని ఆకు కోసమే వేస్తాం. గింజ ఎక్కువగా రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్ నుంచి వస్తుంది. వరంగల్ బీట్ బజారులో అయినా మీ వీధి కిరాణంలో అయినా, ముదురు గోధుమ రంగుకు తిరిగిన పాత గింజ కాకుండా, పసుపు వన్నె నిగారింపు ఉన్నదాన్ని, మట్టిగడ్డలూ రాళ్ళూ లేనిదాన్ని ఎంచుకోవాలి. పొడి చేసి పెట్టుకుంటే కొన్ని వారాల్లోనే వాసన తగ్గిపోతుంది, అందుకని గింజగానే నిల్వ ఉంచి పది పదిహేను రోజులకు సరిపడా పొడి కొట్టుకోండి.

ఆకును మీ ఇంటి మీదే పెంచుకోవచ్చు. చలికాలపు పంట కనుక అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మన దగ్గర బాగా వస్తుంది. ఎండలు ముదిరితే మొక్క ఎదగకముందే పూతకు వస్తుంది. అడుగున రంధ్రాలున్న వెడల్పాటి తొట్టిలో మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి, రాత్రంతా నానిన గింజలను ఒత్తుగా చల్లి, వేలి గోరంత మందాన మట్టి కప్పండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తాయి, నెల లోపలే కోతకు వస్తాయి. నీరు నిలిస్తే మొదళ్ళు కుళ్ళి మొక్కలు గుంపులుగా వాలిపోతాయి కాబట్టి తడి ఆరిన తరువాతే మళ్ళీ నీళ్ళు పోయాలి. యూరియా వేయవలసిన పని లేదు. చిక్కుడు జాతి మొక్క కాబట్టి వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని దానికి అందిస్తుంది, మరుసటి పంటగా అదే తొట్టిలో వేసిన పాలకూర కూడా బాగా ఎదుగుతుంది.

ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆకులో ఇనుము, కాల్షియం, ఫోలేట్ బాగా ఉన్నాయి కానీ గింజలో ఉన్నంత జిగురు పీచు లేదు. మెంతికూర పప్పు తిన్న రోజు గింజల పొడి లెక్కలో నుంచి తీసివేయకండి. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే పప్పు దించిన తరువాత నిమ్మకాయ పిండి, తిన్న వెంటనే టీ తాగకుండా గంట సేపు ఆగమని మీ అమ్మగారికి చెప్పండి.